చిక్కుడు గింజల పుస్తకాలు

పోయినేడాది మా ఆఫీసు వాళ్ళం ఓ తండా బడికి సైన్సు బొమ్మల పుస్తకాలిచ్చాం. పిల్లలు నాటి చూస్తారని ఒక్కోదాని వెనక చిక్కుడు గింజల పొట్లం నేనే అంటించాను. ఈ ఏడాది పుస్తకాలు తీసుకోడానికి రమ్మంటే, ఈ రోజు ఆ బడి సారు పాతవన్నిటినీ సంచిలో వేసుకుని సికింద్రాబాద్ స్టేషన్‌కి తెచ్చారు.

"ఒక్క పేజి సుత నలగలే మేడం. బీరువల పెట్టి తాళమేసిన."

"మరి పిల్లలు?"

"వాళ్ళకిస్తే చింపుతరు. ఇన్‌స్పెక్షన్‌ల ఒక్కటి తక్కువున్నా నా మెడకే పడ్తది. ఇవి తీస్కొని కొత్తవి ఇయ్యున్రి."

ఆయన సంచి తీసుకుని, నేను తెచ్చిన కొత్త పుస్తకాల కట్ట ఇచ్చేశాను.

మెట్టుగూడ బస్సులో కూర్చుని ఒక పొట్లం విప్పాను. గింజలన్నీ పురుగు పట్టి పిండైపోయాయి. ఏడాదంతా ఆ పుస్తకాల దగ్గరికి వెళ్ళింది ఆ పురుగులే.

ఇవాళ ఇచ్చిన వాటికీ పొట్లాలు అంటించే ఉన్నాయి. మీరైతే ఇచ్చేవారా?