తాతయ్యకి పడని వంకాయ

నా చిన్నప్పుడు మా ఇంట్లో వేరుశనగ గింజంటే ఉన్న భయం పామంటే కూడా ఉండేది కాదు. రాయ్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టర్ వెనక పిచ్చిమొక్కల్లో వానాకాలం పాములు తిరిగేవి. మా మామ్మ కర్రతో నేల మీద నాలుగు దెబ్బలు కొడితే అవి వాటి దారిన పోయేవి. వేరుశనగని అలా అదిలించడానికి వీల్లేదు. పులిహోరలో ఉంటుంది, చట్నీలో ఉంటుంది, చిక్కీలో ఉంటుంది, పొడయిపోయి కూరలో కలిసిపోతే కంటికి కూడా కనపడదు. పైగా మా ఊళ్లో ఫల్లీ పొట్లం లేనిదే ఎవరికీ సాయంత్రం గడిచేది కాదు.

అవి ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైన తొలి ఏళ్లు. మా తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చి, స్టేషన్లో పార్సిల్ గుమస్తాగా పనిచేసి రిటైరయ్యాడు. నాన్న కూడా రైల్వేలోనే చేరాడు కాబట్టి కాలనీ మమ్మల్ని వదల్లేదు. బడిలో హిందీ, ఇంట్లో మామ్మ తెలుగు, రెండూ కలిపి తిట్టుకోవడానికి వీధిలో మా పిల్లల భాష. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

ఆ ఏడాది వినాయక చవితి పందిట్లో పులిహోర ప్రసాదం పెట్టారు. వేరుశనగ తింటే నాకు నోరు దురద పెడుతుందని అప్పటికే ఇంట్లో తెలుసు. కానీ ప్రసాదం వద్దనకూడదు కదా. మామ్మ దొన్నె ఒళ్లో పెట్టుకుని, కళ్లజోడు సవరించుకుని, ఒక్కొక్క గింజా ఏరి పక్కన పెట్టింది. చీమ తలకాయంత ముక్క కూడా మిగలకుండా రెండుసార్లు వెతికింది. తరవాత తనే ముద్దలు చేసి నాకు పెట్టింది. అంత ప్రేమగా ఎవరైనా ప్రసాదం పెట్టి ఉంటారని నేననుకోను. కాసేపటికి నా పెదవులు ఉబ్బిపోయాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, ఊపిరి పీలుస్తుంటే పిల్లికూతలు వచ్చాయి. నాన్న నన్ను భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తాడు.

ఇంజెక్షన్ ఇచ్చి, నేను కుదుటపడ్డాక డాక్టరుగారు మామ్మని కూర్చోబెట్టి చెప్పారు. గింజని ఏరేయగలం గానీ, దాని పొడినీ నూనెనీ ఏరేయలేం. అదే గరిటె పెట్టినా ప్రమాదమే. ఇది మీ ఇంటికే వచ్చిన వింత కాదని, ఇలాంటి పిల్లలు నా దగ్గరికి వస్తూనే ఉంటారని, పెద్దవాళ్లూ వస్తారని కూడా అన్నారు. మామ్మకి మొదటి మాట తప్ప మిగతావేవీ చెవికెక్కలేదు. ఇంటికొచ్చి మూకుళ్లన్నీ బూడిదతో తోమింది. చాలా రోజులు నా మొహంలోకి సూటిగా చూడలేదు.

అప్పట్నుంచి అమ్మ నన్ను ఎక్కడికీ పంపేది కాదు. తప్పనిసరై వెళితే, అందరూ బంతిలో కూర్చున్నప్పుడు నేను మూల కూర్చుని ఇంటి నుంచి తెచ్చిన స్టీలు డబ్బాలోది తినాలి. కాలనీ ఆడవాళ్లు ఊరుకునేవారా? "మా కాలంలో ఇలాటివి ఎక్కడ సూసేం? ఈకాలం పిల్లల నఖరాలు" అనేవారు. ఆ మాట నాకు నిజంగానే తగిలింది. ప్రపంచంలో అందరికీ అన్నీ పడతాయనీ, నేనొక్కదాన్నే ఏదో తేడాగా పుట్టాననీ గట్టిగా నమ్మేశాను. కార్తీకమాసంలో వనభోజనాలకి రానని మొండికేశాను. బస్సు, ఆటలు, ఉసిరిచెట్టు అంటూ ఎవరెంత ఊరించినా డబ్బా పట్టుకుని మూల కూర్చోవడం ఇక నావల్ల కాదన్నాను. తాతయ్య వరండాలో పేపరు చదువుకుంటూ అంతా విన్నాడు. మర్నాడు మంచం కింది ట్రంకు పెట్టె లాగి, లోపలెక్కడో ఉన్న అట్టముక్కల కట్ట, పురికొస ఉండ బయటికి తీశాడు. ఆయన ఉద్యోగమంతా పార్సిళ్లకి చీటీలు కట్టడంతోనే గడిచింది.

"నువ్వు రావాలి. నాకు అసిస్టెంటు కావాలి" అన్నాడు. తాతయ్య అడిగాక కాదనడం నాకు చేతకాలేదు.

ఊరు దాటాక మందిర్ హసౌద్ వెళ్లే దారిలో ఎవరిదో తోటలో ఆ ఏడాది వనభోజనాలు. మా వాళ్ల పద్ధతి ఏమిటంటే, ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో వంటకం గిన్నెడు చేసి తెస్తారు. అన్నీ ఉసిరిచెట్టు కింద వరసగా పెట్టి, పూజయ్యాక అందరూ అన్నీ తింటారు. ఎవరి గిన్నెలో ఏముందో చేసినవాళ్లకే తెలుసు. తాతయ్య బస్సు దిగుతూనే చెట్టు ముందు ఒక బుట్ట బోర్లించి దాని మీద కూర్చున్నాడు. చెవి మీద పెన్సిలు. బుకింగ్ కాకుండా సామాను లోపలికి పోదన్నాడు. అందరూ నవ్వారు. పెద్దాయన సరదా పడుతున్నాడులే అని వరసలో నిలబడ్డారు.

మొదటి గిన్నె ఎదురు క్వార్టర్ పెద్దమ్మది. నఖరాలు అన్నది ఆవిడే.

"ఆనపకాయ కూర, బాబాయిగారూ. అందులో ఏటుంటాది?"

"లోపల సరుకేటో సెప్పకుండా ఎప్పుడైనా పార్సిల్ తీసుకున్నానేటమ్మా? ఒక్కొక్కటీ సెప్పు."

ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టింది. ఆనపకాయ, పాలు, పచ్చిమిరప, పోపు. నాలుగో వేలు దగ్గర ఆగి, నా వైపు చూసి, గొంతు తగ్గించి అంది. "కూసింత ఫల్లీ పొడి కూడా. కమ్మదనానికి."

అమ్మ చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. ఆనపకాయ కూరంటే నాకు ప్రాణం. తెల్లగా, మెత్తగా, ఒక్క గింజ కూడా కనపడకుండా ఉన్న ఆ కూరని, తాతయ్య అడక్కపోతే, రెండుసార్లు వడ్డించుకుని తినేదాన్ని. తాతయ్య మాత్రం తల కూడా ఎత్తకుండా 'వేరుశనగ ఉంది' అని పెద్ద అక్షరాలతో రాశాడు. నేను పురికొసతో ఆ చీటీని గిన్నె చెవికి కట్టాను. అలా గిన్నెలన్నీ అయ్యాయి. వేరుశనగ ఉన్నవాటిని వాటి గరిటెలతో సహా దూరంగా ఒక వరసలో పెట్టించాడు.

అప్పుడు మనుషుల వైపు తిరిగాడు. మీలో ఎవరికేం పడదో అది కూడా చెప్పండన్నాడు. అందరూ మాకన్నీ పడతాయి అన్నట్టు మొహాలు పెట్టారు. నేనొక్కదాన్నే అన్న సంగతి ఇప్పుడు అందరి ముందూ రుజువైపోతోంది కదా అనిపించింది.

తాతయ్య ఒక కొత్త చీటీ తీసి ఏదో రాసి, తన చొక్కా బొత్తానికే కట్టుకున్నాడు. "నాకు వంకాయ పడదు. తింటే ఒళ్లంతా దద్దుర్లే. ఇన్నాళ్లూ సిగ్గుపడి సెప్పలేదు" అన్నాడు.

మా మామ్మ చేతిలో గుత్తివంకాయ గిన్నె ఉంది. కొబ్బరి, ధనియాల కారం కూరి, పొద్దున్నే ఆయన కోసమే చేసింది. వంకాయ ఉంటే ఇంకో కూర వైపు చూడని మనిషి ఆయన. మామ్మ నోరు తెరిచి, ఆయన్ని చూసి, నన్ను చూసి, మళ్లీ నోరు మూసుకుంది.

పెద్దాయనంతటివాడు చెప్పాక మిగతావాళ్లకి ధైర్యం వచ్చింది. ఒకాయన పాలు తాగితే కడుపు ఉబ్బరమన్నాడు. ఒకావిడ తన చిన్నకొడుక్కి గుడ్డు పెడితే మొహం వాస్తుందంది. నలభై ఏళ్లు హాయిగా జీడిపప్పు తిన్న గార్డు మావయ్యకి రెండేళ్లుగా ఒక్క పలుకు నోట్లో వేసుకున్నా గొంతు దురదట. ఎవరికీ చెప్పకుండా పాయసంలోంచి తీసి జేబులో వేసుకునేవాడట. ఎదురింటి పెద్దమ్మకి బెండకాయ పడదట. అది నిజమో, ఇష్టం లేకో ఇప్పటికీ నాకు అనుమానమే.

చివర్లో పక్కింటి అక్క వచ్చింది. ఆ ఏడే పెళ్లై కాపురానికి వచ్చిన పిల్ల. అత్తగారు పక్కనే ఉండగా, నేల చూస్తూ, రొయ్యలు తింటే తనకి గొంతు మూసుకుపోతుందని చెప్పింది. వాళ్లింట్లో ఎండురొయ్యలు వెయ్యని కూర లేదు. వద్దంటే పుట్టింటి గొప్పలు అంటారని, కొద్దికొద్దిగా తిని, పెరట్లోకి వెళ్లి కక్కుకునేదట. అత్తగారు తెల్లబోయింది. తాతయ్య 'రొయ్యలు పడవు' అని రాసి, ఆ చీటీ మాత్రం తనే లేచి వెళ్లి అత్తగారి చేతికిచ్చాడు. "ఇది మీ వంటింట్లో కట్టండమ్మా" అన్నాడు.

వాటిలో అన్నీ ఎలర్జీలు కావని నాకు తరవాత తెలిసింది. పాలు అరక్కపోవడం వేరు, వేరుశనగకి ఊపిరాడకపోవడం వేరు. పడదనుకునేవాళ్లందరికీ నిజంగా పడకపోవడం ఉండదు. నిజంగా పడనివాళ్లు చాలామంది బయటికి చెప్పరు. ఆ రోజు తాతయ్య ఎవరినీ సాక్ష్యం అడగలేదు. చెప్పినవాళ్లందరికీ చీటీ రాసిచ్చాడు. నేను మాత్రం ఆ రోజు బంతిలో, గార్డు మావయ్యకీ పక్కింటి అక్కకీ మధ్యన, విస్తరేసుకుని కూర్చుని తిన్నాను. స్టీలు డబ్బా బస్సులోనే ఉండిపోయింది. అంత ఆనందంగా నేనెప్పుడూ అన్నం తినలేదు. ఎదురు వరసలో తాతయ్య, గుత్తివంకాయ వచ్చినప్పుడల్లా విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాడు.

తిరుగు దారిలో అబద్ధమెందుకు చెప్పావని అడిగాను. ఇంట్లో తింటాలే అని వేలు పెదవి మీద పెట్టుకున్నాడు.

ఆ అబద్ధం ఆయన్ని జీవితాంతం వదల్లేదు. పెళ్లిళ్లలో, సత్యనారాయణ వ్రతాల్లో, ఎక్కడికెళ్లినా ఆయన కోసం విడిగా బెండకాయ వేపుడు వచ్చేది. ఇంట్లో వంకాయ వండిన రోజు మామ్మ వీధి తలుపు గడియ వేసేది. ఒకసారి పక్కింటి అక్క పెరుగు కోసం వెనకనించి వస్తే, కంచం మీద పేపరు కప్పి చదువుతున్నట్టు కూర్చున్నాడు. ఇల్లంతా ఘుమఘుమలాడుతోంది. ఇక నిజం చెప్పెయ్యొచ్చు కదా అని నేను చాలాసార్లు అన్నాను. నవ్వి ఊరుకునేవాడు.

నేను కాలేజీలో ఉండగా ఆయన పోయాడు. పెద్దకర్మ నాడు ఆయనకి ఇష్టమైనవి వండాలన్నప్పుడు మామ్మ ఎవరినీ ముట్టుకోనివ్వకుండా గుత్తివంకాయ తనే చేసింది. గిన్నె మూత తీసి చూసి పక్కింటి అక్క కంగారుపడింది.

"అయ్యో మామ్మా, తాతగారికి వంకాయ పడదు కదా. మర్సిపోయేరా?"

మామ్మ గరిటె కింద పెట్టింది. "పడకేటే తల్లీ. వంకాయంటే పడి సచ్చేవోరు. మా పిల్ల ఒక్కత్తీ అయిపోయిందని ఆరోజు అలా అనీసేరు. ఇంటికొచ్చేక సెప్పెయ్యండీ అన్నాను. అలాగైతే పక్కింటి పిల్లదీ నాటకమేనంటారు, మళ్లీ రొయ్యలు పెట్టీగల్రు, వద్దన్నారు."

అక్క అక్కడే గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. వెక్కివెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆయన నాకోసం చేశాడని అన్నేళ్లూ మురిసిపోయాను. అందులో సగానికి పైగా అక్క కోసమని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇప్పుడు రాయ్‌పూర్‌లోనే తెలీబంధా వైపు మాకో ఇల్లుంది. నా కూతురి స్నేహితులు, వాళ్ల అమ్మానాన్నలు భోజనానికి వస్తుంటారు. ఏం తింటారని అడిగే ముందు, ఏం పడదని అడుగుతాను. ఊరికే అడిగితే ఎవరూ చెప్పరు. అన్నీ పర్వాలేదంటారు. అందుకని ముందు నాకేం పడదో నేను చెబుతాను, అప్పుడు అడుగుతాను.