పిడికెడు పాత మన్ను

నాంపల్లి స్టేషనుకు పోయే దారిలో డెబ్బైల నాటికి ఒక సర్కారీ నర్సరీ ఉండేది. అందులో కుర్చీలు ఎక్కువ, మొక్కలు తక్కువ. ఆ తక్కువ మొక్కలను బతికించే పని శంకరమ్మది. పదకొండేళ్ళుగా దినకూలీ. ఈసారి అయిదువందల నిమ్మ మొక్కలు ఏపుగా పెరిగితే పర్మినెంటుకు పేరు రాస్తానని సూపరింటెండెంటు కోదండరామయ్య మాటిచ్చాడు.

కొత్త కుండీ నింపినప్పుడల్లా శంకరమ్మ వెనకగోడ దగ్గరున్న ముసలి నిమ్మచెట్టు మొదట్లోంచి పిడికెడు మన్ను తెచ్చి కలిపేది. పాలలో తోడు వేసినట్టు. ఆమె అత్త అలాగే చేసేది, ఈమె నేర్చుకుంది.

కోదండరామయ్య రాష్ట్రం ఏర్పడ్డాక గుంటూరు నుంచి ఫైళ్ళతో పాటు వచ్చినవాడు. శుభ్రమంటే ప్రాణం. ఆ ఏడు ఆఫీసుకు మైక్రోస్కోపు వచ్చింది. పేనుకు పెత్తనమిచ్చినట్టే అయింది. దొరికినదల్లా దానికింద పెట్టి చూస్తుంటే, నిమ్మవేరులో సన్నటి దారాలు కనబడ్డాయి.

"ఇది బూజు శంకరమ్మా. నీ పాత మన్నుతో మొక్కలకు రోగం అంటిస్తున్నావు," అన్నాడు. ఉన్న మన్నంతా ఇనుప రేకుల మీద పోయించి, కింద మంట పెట్టించాడు.

"ఏంది సారూ, మన్నును గూడ పల్లీల లెక్క వేయిస్తున్రు? జర పాతది కలపనియ్యిన్రి, మొక్క పానం పోసుకుంటది."

"కలిపావంటే రేపటి నుంచి రానక్కర్లేదు."

ఆ కాల్చిన మన్నులో నాటిన మొక్కలు నాలుగు నెలలైనా నాలుగు వేళ్ళ ఎత్తు దాటలేదు. ఎరువు గుమ్మరించినా లేవలేదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, నీళ్ళు సరిగ్గా పోయలేదని శంకరమ్మకు మెమో వచ్చింది. పాపం, ఆమె అప్పటికే పని పోతే పోనీ అనుకుని, షెడ్డు వెనక నలభై కుండీల్లో పాత మన్ను కలిపేసింది. అవి మూరెడు లేచాయి.

వ్యవసాయ కాలేజీ నుంచి తనిఖీకి వచ్చిన ప్రొఫెసరు ఆ నలభై మొక్కల దగ్గరే ఆగిపోయాడు. ఒక వేరు కోసి మైక్రోస్కోపు కింద చూశాడు.

"ఇది రోగం కాదండీ. వేరు అందుకోలేని చోటికి ఈ బూజు దారాలు పంపి భాస్వరం తెచ్చిపెడుతుంది. బదులుగా మొక్క తన చక్కెరలో కొంత దానికి పెడుతుంది. మీరు మన్నుతో పాటు దాన్నీ కాల్చేశారు. ఇంతకీ వీటిని పెంచిందెవరు?"

"మా ఆఫీసేనండీ," అన్నాడు కోదండరామయ్య, తడుముకోకుండా.

అబిడ్స్‌లో కొత్త కోటు కుట్టించుకుని, మేలుచేసే బూజు మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు. నర్సరీకి ఒక పర్మినెంటు ఉద్యోగం మంజూరైంది. దానికి డిగ్రీ కావాలన్నారు. డిగ్రీ ఉన్నాయన వచ్చి చేరాడు. రోజూ పొద్దున్నే తట్ట పట్టుకుని, "శంకరమ్మా, ఆ మన్ను ఎక్కడిదో జర తీసియ్యరాదూ," అని నిలబడేవాడు.

ఒకరోజు శంకరమ్మ ఆ తట్ట తీసుకుపోయి కోదండరామయ్య బల్ల ముందు పెట్టింది.

"బూజుకు గూడ మొక్క ఇంత చక్కెర పెడ్తది సారూ. నాకు మీరేం పెట్టిన్రు?"

ఆయన ఫైలులోంచి తల ఎత్తలేదు. "ఏదైనా ఉంటే కాగితం మీద రాసివ్వు," అన్నాడు.

హాజరు పుస్తకంలో రోజూ ఆమె వేలిముద్ర వేయించుకునేది ఆయనే.