బల్ల దగ్గర ఒక ముక్క తక్కువ

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే మా సంఘంలో ముందుగా నవ్వేది నేనే. అలాంటివి ఉండవని ఆదివారం బడి పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పినవాణ్ణి. ఇప్పుడు నాకు యాభై దాటాయి. దేవసహాయం పేరుకు నేను పూసిన మసి తుడవడానికే ఇది రాస్తున్నాను. మిగతాది నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం.

పోలీసు చర్యకు రెండు నెలల ముందు సంగతి. జాతీయ జెండా ఎగరేశాడని మా తమ్ముడు శామ్యూల్ కోసం నిజాం పోలీసులు వెతుకుతున్నారు. కార్ఖానా బస్తీలో దర్జీ పని చేసే దేవసహాయం వాణ్ణి సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని మల్కాజ్‌గిరిలో మా పిన్ని ఇంటికి చేర్చాడు. పిన్ని కాక, ఆ చోటు మా ఇద్దరికే తెలుసు.

తొమ్మిదో రోజు పోలీసులు మరే ఇల్లూ తట్టకుండా తిన్నగా పిన్ని గడప తొక్కారు. శామ్యూల్‌ను జైల్లో వేశారు.

నేను చెప్పలేదు. ఇక మిగిలింది ఒక్కడే. నా పెళ్లి కోటు కుట్టినవాడు, నాతో ఒకే కంచంలో తిన్నవాడు. వాడే పట్టిచ్చాడని సంఘమంతా చెప్పాను. కొందరు వాడి దగ్గర బట్టలు కుట్టించుకోవడం మానేశారు.

మా గుడిలో ఒక పద్ధతి ఉండేది. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే అందరం రొట్టె ముక్క పంచుకునే ఆరాధన. దానికి వచ్చేవాళ్లు ముందురోజే సంఘపెద్దకు పేరివ్వాలి. ఎవరితోనైనా పగ ఉంటే ముందు సమాధానపడాలి. ఆ పేర్లకు సరిపడా సంఘపెద్ద రొట్టె కోస్తాడు. ఆ పెద్దను నేనే. రేషన్ రోజులు కాబట్టి ఒక్క ముక్క కూడా ఎక్కువ కోసేవాణ్ణి కాదు.

శనివారం సాయంత్రం దేవసహాయం వచ్చాడు. మెడలో కొలత టేపు అలాగే ఉంది. తీయడం ఎప్పుడూ మరిచిపోయేవాడు. జ్వరంతో కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అన్నా, నా పేరు రాస్కో."

"సిగ్గు లేదారా? నువ్వు పట్టిచ్చినోడు ఆడ జైల్ల ఉన్నడు, నీకు ఈడ బల్ల కావాల్నా?"

"నేను చెప్పలే అన్నా. నువ్వు నమ్మకున్నా సరే, నా దిల్‌ల నీ మీద ఏం పెట్టుకోలే. గది చెప్పనీకే వచ్చిన. చెయ్యియ్యి."

"ప్రభువును పట్టిచ్చిన యూదా సుత ముద్దు పెట్టిండు. పో."

చెయ్యి ఇవ్వలేదు. పేరు రాయలేదు.

మర్నాడు ఉదయం ఆరాధనలో చివరి వరుసలో మోకరించాను. పెద్ద ఎప్పుడూ అందరి తర్వాతే తీసుకుంటాడు. కళ్లు తెరిచేసరికి నా కుడిపక్క దేవసహాయం. మెడలో టేపు, వేళ్లకు నీలం సుద్ద. చాచిన అరచేతిలో పాస్టరుగారు ముక్క పెట్టారు. నా దగ్గరికి వచ్చేసరికి పళ్లెం ఖాళీ. నేను తల దించుకున్నాను. మళ్లీ ఎత్తేసరికి పక్కన ఎవరూ లేరు.

ఆరాధన అయ్యాక పాస్టరుగారిని అడిగాను.

"దేవసహాయం మీ పక్కనే ఉన్నాడు కదండీ, ఇచ్చాను. పేరివ్వలేదని నాకేం తెలుసు?" అన్నారు.

అదే కోపంతో కార్ఖానాకు నడిచాను. దేవసహాయం మంచం మీద ఉన్నాడు. భార్య రూతమ్మ నుదుటి మీద తడిగుడ్డ మారుస్తోంది.

"గుడికెళ్లి ఎప్పుడొచ్చిండు?" అని అడిగాను.

"గుడికా? నిన్న మీ ఇంటి నుంచి వచ్చి పడ్డోడు లేవనే లేదన్నా. తెలివి సుత లేదు. జెర సేపటి కింద ఒక్క మాట అన్నడు, 'అన్నకు మిగల్లే' అని. ఏం మిగల్లేదన్నా?"

పొద్దు వాలకముందే దేవసహాయం పోయాడు. అప్పటికీ నేను వాణ్ణి క్షమించలేదు. అది కూడా రాయాలి.

పోలీసు చర్య తర్వాత శామ్యూల్ విడుదలై వచ్చాడు. నేను దేవసహాయం ద్రోహం మాట ఎత్తగానే వాడు నన్ను వింతగా చూశాడు.

"ఆయనెందుకు చెప్తడన్నా? జైల్ల జవాను నవ్వుకుంట చెప్పిండు, మీ అన్న నీ కోసం మంచిగ దువా చేసిండు, జాగ సుత చెప్పిండు అని. దేవునికి పిన్ని ఇల్లు తెల్వదా? మల్కాజ్‌గిరి అని చెప్పాల్నా?"

అప్పుడు గుర్తొచ్చింది. శామ్యూల్ దాక్కుని ఉండగా, మా ఇంట్లో గురువారం ప్రార్థన కూడికలో, కన్నీళ్లతో, బిగ్గరగా, చోటు పేరు పెట్టి ప్రార్థించాను. ప్రార్థన చేయడం కూడా ఒకరికి చెప్పడమేనని నాకు తట్టలేదు. ఆ గదిలో తలలు వంచి ఆమేన్ అన్నవాళ్లలో ఒకరు అక్కణ్ణుంచి పోలీసుల దగ్గరికి వెళ్లారు. ఎవరో నేటికీ తెలియదు.

రూతమ్మ కాళ్ల మీద పడ్డాను. "ఆయన శనివారమే మాఫ్ చేసిండు కదన్నా, ఇంక నాదేముంది" అంది. సంఘం ముందు మాత్రం నోరు విప్పలేకపోయాను. ఇన్నేళ్లకు ఇదిగో, ఇలా.

తానిచ్చింది దేవసహాయానికేనని పాస్టరుగారు చివరిదాకా అన్నారు. రొట్టె నేనే కోశాను, పేర్లతో రెండుసార్లు సరిచూశాను. ఎలా తక్కువైందో నేను చెప్పలేను.

బల్ల దగ్గర మోకరించినప్పుడు ఇప్పటికీ ముందు కుడివైపు చూస్తాను. తర్వాత ఎడమవైపు. ఆ రోజు ఆమేన్ అన్న మనిషి అక్కడే ఉన్నాడేమో. అతనికీ నేను చెయ్యి ఇవ్వాల్సి ఉందేమో.