తెర వెనక నేర్చిన అక్షరాలు

మొన్న మనుమరాలు తను కొత్తగా చేరిన కాలేజీ గేటు ముందు నన్ను నిలబెట్టి, చెయ్యి చాపి, ఫోన్‌లో మా ఇద్దరి ఫోటో తీసింది. నేను మా మొహాలు చూడలేదు, వెనకున్న బోర్డు చూశాను. అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. కూరగాయల త్రాసు దగ్గరైనా, పెళ్లి సంబంధం దగ్గరైనా మోసం ఎక్కడుందా అని ముందు వెతకడం నా పుట్టుగుణం. "ఇది అబద్ధాల ఫోను బిడ్డా, రాతను తిప్పి చూపెడ్తున్నది" అన్నాను. "ముందు కెమెరా గట్లనే చూపెడ్తది అమ్మమ్మా. ఆఖరికి ఫోన్‌ను గూడ అనుమానిస్తవా" అని అది నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ తిరగబడ్డ అక్షరాలు నాకు కొత్త కాదు. వాటిని నమ్మి ఒక దోస్తును పోగొట్టుకున్నాను.

గోదావరిఖనిలో బొగ్గుబాయి క్వార్టర్ల మధ్య పెరిగిన నా ఈడు వాళ్లకు క్లబ్బు గ్రౌండులో వేసే సినిమాలు గుర్తుండే ఉంటాయి. రెండు గుంజల మధ్య తెల్లబట్ట కట్టేవారు. మిషను ఉన్న వైపు ఆఫీసు వాళ్ల కుర్చీలు, వాటి వెనక మగవాళ్లు. మమ్మల్ని, అంటే కార్మికుల ఇళ్ల ఆడపిల్లలను, బట్టకు అవతలి వైపు కూర్చోబెట్టేవారు. బొమ్మ అటూ పడేది, ఇటూ పడేది, కాబట్టి ఎవరికీ పేచీ లేదు. బొంత పరుచుకుని, కొంగులో పల్లీలు పోసుకుని, పొద్దుగూకేదాకా ఎదురుచూసే ఆ సుఖం నాకు తర్వాత ఏ హాల్లోనూ దొరకలేదు. నేను చూసిన హీరోలందరూ ఎడమచేత్తో కత్తి దూసేవారు. ఎడమచేత్తో అన్నం తినేవారు కూడా, అది చూసి మా అవ్వ, అంటే మా అమ్మ, సినిమావాళ్లకు పద్ధతీ పాడూ ఉండదని మొహం తిప్పుకునేది.

నేను బడికి పోలేదు. బాపు బాయిలో, అవ్వ కూలిలో, తమ్ముళ్లు నా చంకలో. చదువు మా పక్క క్వార్టర్‌లో ఉండేది. వర్క్‌షాపులో మెకానిక్‌గా చేసే ఒకాయన బిడ్డ, నా ఈడుదే, ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ బడిలో తెలుగు చదివి ఏడో తరగతితో ఆగిపోయింది. ఆమె అబ్బా గ్రౌండుకు పంపేవాడు కాదు. అందుకని మా ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. నేను సినిమా చెప్పాలి, ఆమె వాళ్ల అన్న అద్దెకు తెచ్చే నవల చదివి వినిపించాలి. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన తండ్రులు నిద్రపోయే మధ్యాహ్నాల్లో, కాలిపోతున్న వరండా బండల మీద నీళ్లు చల్లుకుని, మామిడికాయ ముక్కలు ఉప్పూకారంలో అద్దుకుంటూ, గొంతు తగ్గించి ఆమె చదివేది, నేను వినేదాన్ని.

నేను చెప్పిన సినిమాను ఆమె ఎన్నడూ అనుమానించలేదు. ఒకసారి మాత్రం, గోడ మీది పోస్టర్లో హీరో కత్తి కుడిచేతిలో ఉంది కదా అని అడిగింది. బొమ్మ గీసినవానికి తెల్వది, నేను కండ్లారా చూసిన అన్నాను. ఆమె నమ్మింది.

ఆమె చదివింది మాత్రం నేను నమ్మలేదు. ఒకసారి చదివిన ముక్కను మళ్లీ చదవమంటే మాటలు మారేవి. కొన్ని పేజీల దగ్గర కళ్లు కదిలేవి కావు, నోరు మాత్రం కదిలేది. అన్నిటికంటే అనుమానం ఒక నవల దగ్గర వచ్చింది. కొత్త ఊరికి వచ్చిన ఒక నర్సు, ఆమె అద్దెకు దిగిన ఇల్లు, మేడ మీద ఎప్పుడూ తాళం వేసి ఉండే గది. ఆ నర్సుకు పక్కింట్లో ఒక దోస్తు ఉంది. నోటి దురుసుది, ఎవరినీ నమ్మదు, కాంపౌండరు చెయ్యి జేబులోంచి ఎందుకు తియ్యడని నిలదీస్తుంది. నాకు ఆ కథలో నర్సు కంటే ఆ పక్కింటిదే నచ్చింది. నచ్చిన కొద్దీ, ఇది నిజంగా పుస్తకంలో ఉందా, నన్ను ఆడిస్తున్నదా అని గుంజాటన పెరిగింది.

తేల్చుకోవాలంటే అక్షరాలు రావాలి. ఎవరినన్నా అడిగితే చులకన. కంపెనీ బోర్డుల మీద మూడు భాషలు, అందులో తెలుగు ఏదో నాకు తెలియదు. తెలుగు సినిమా పేరు మాత్రం తెలుగులోనే ఉంటుంది కదా అనుకున్నాను. పోస్టర్లు గీసేవాని మీద నాకు నమ్మకం లేదు కాబట్టి, తెర మీద పేరు పడగానే రెప్ప వెయ్యకుండా చూసి, ఆకారాలు మనసులో పట్టుకుని, పొద్దున్నే మా స్నానాల గది వెనక గోడ మీద బొగ్గుతో గీసుకునేదాన్ని. నాలుగు సినిమాలకు పదో పన్నెండో ఆకారాలు పోగయ్యాయి. ఒకరోజు ఆమె నీళ్లకు లేచినప్పుడు నవల తెరిచి వెతికాను. సున్న ఒక్కటే కలిసింది. మిగతావి ఒక్కటీ లేదు.

అంటే ఆ పుస్తకం తెలుగే కాదు. నాకు అట్లానే అర్థమైంది.

ఆ సాయంత్రం నల్లా దగ్గర బిందెల వరుసలో, అందరి ముందూ అడిగాను.

"ఏందే, నాకు చదివేది తెలుగు పుస్తకమేనా? నోటికొచ్చింది చెప్పి నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నవా?"

"తెలుగే. ఎవలన్నరు కాదని?"

"నేనే అంటున్న. నాకు అక్షరాలు తెలుసు ఇప్పుడు." అని తడి గచ్చు మీద వేలితో రెండు గీసి చూపించాను.

వెనకున్న అక్క ఒకామె, "ఆహా, పంతులమ్మ దిగొచ్చింది, జరగుండ్రి" అంది. అందరూ నవ్వారు. నా దోస్తు నవ్వలేదు. వంగి చూసి, "ఇవి ఉల్టా ఉన్నయ్ గదనే. ఎవలు నేర్పిన్రు నీకు?" అని మెల్లగా అడిగింది. ఆ మెల్లగా అడగడమే నాకు దొంగతనం దాచుకున్నట్టు కనిపించింది. "నువ్వే ఉల్టా, నీ చదువే ఉల్టా" అన్నాను.

ఆమె బిందె చంకకెత్తుకుంది. "నమ్మనోళ్లకు చదువుడెందుకు" అని మాత్రం అని వెళ్లిపోయింది.

అప్పటికి కథలో ఆ పక్కింటి దోస్తు ఒంటరిగా మేడ ఎక్కి, తాళం తీసి ఉన్న ఆ గదిలోకి పోయింది. బయటి నుంచి ఎవరో గొళ్లెం పెట్టారు. అక్కడ ఆగింది. నేను మళ్లీ ఆ వరండా ఎక్కలేదు, ఆమె పిలవలేదు. ఆ యేడు వానలు పడకముందే వాళ్ల అబ్బాకు గోదావరి అవతల శ్రీరాంపూర్‌కు బదిలీ అయింది. సామాను ఎక్కించిన లారీని నేను కిటికీ సందులోంచి చూశాను. బయటికి రాలేదు.

తర్వాత పెళ్లి, పిల్లలు. నలభై దాటాక కాలనీ ఆడవాళ్లకు మధ్యాహ్నం చదువు చెప్తుంటే పోయాను. చెప్పే పిల్ల బోర్డు మీద మొదటి అక్షరం రాయగానే, తిప్పి రాసినవ్ బిడ్డా అన్నాను. నీకెట్ల తెలుసని ఆమె అడిగితే సినిమా సంగతి చెప్పాను. ఎటు దిక్కు కూసున్నవని అడిగి, అక్షరం రాసిన కాగితాన్ని వెనక్కి తిప్పి కిటికీ వెలుగుకు పట్టింది. కాగితం వెనక నుంచి నా అక్షరం కనిపించింది. పాతికేళ్ల కిందట గోడ మీద బొగ్గుతో గీసినదే. ఆరోజు ఇంకేం నేర్చుకోలేదు, ఇంటికొచ్చి పడుకున్నాను.

చదవడం వచ్చాక చౌరస్తాలో పాత పుస్తకాల కుప్ప కనబడితే చాలు, వెతికేదాన్ని. ఆ నవల అట్టను మరిచిపోలేదు, మెట్ల మీద దీపం పట్టుకున్న నర్సు. కొన్నేళ్లకు దొరికింది. వేలు పెట్టి పదిహేను రోజులు చదివాను. నర్సు ఉంది. ఇల్లు ఉంది. తాళం గది, కాంపౌండరు, అన్నీ ఉన్నాయి. పక్కింటి దోస్తు లేదు. పేజీలు చిరిగాయేమోనని అంకెలన్నీ సరిచూశాను, వరుస తప్పలేదు. మళ్లీ మొదటి నుంచి చదివాను. ఆ పుస్తకంలో నర్సుకు అసలు ఎవరూ లేరు, మొదటి నుంచి చివరిదాకా ఒంటరిదే. ఆ నోటి దురుసుదాన్ని, ఎవరినీ నమ్మనిదాన్ని, నాకోసం నా ఎదురుగా కూర్చుని ఆమె కల్పించింది.

నా అనుమానం నిజమే. కాని ఆమె కల్పించింది నన్ను.

శ్రీరాంపూర్ పోయి అడిగాను. వర్క్‌షాపు మెకానిక్కులు చాలామంది వచ్చారు, పోయారు, ఎవరని చెప్పాలమ్మా అన్నారు. వదిలించుకోవడానికి అన్నారేమోనని ఇంకో రెండుసార్లు పోయాను. అదే జవాబు.

ఇప్పుడు మనుమరాలు నా ఫోన్‌లో పుస్తకాలు చదివి వినిపించే ఏర్పాటు చేసి పెట్టింది. మధ్యాహ్నం పూట పెట్టుకుని వింటాను. పాత అలవాటు కొద్దీ ఎదురుగా అదే పుస్తకం పట్టుకుని, ఏమన్నా కలుపుతున్నదేమోనని వేలితో సరిచూస్తాను. ఒక్క మాట కలపదు, ఒక్క మాట విడువదు, ఉన్నది ఉన్నట్టు చదువుతుంది. ఆ గది గొళ్లెం ఎవరు తీశారో ఏ పుస్తకంలోనూ లేదు. అది తెలిసిన మనిషి గోదావరి దాటి పోయింది. నేనింకా ఆ గదిలోనే ఉన్నాను.