లువాన్ తొట్టెలో నాచు

కీలుంగ్ రేవులో పుట్టి పెరిగినా షియావ్ యూలువాన్‌కు ఈత రాదు. పెళ్లి మాట ఎత్తితే నవ్వేసి, కత్తెర పట్టుకునే యాభై దాటేసింది. సముద్రంలో మోకాలి లోతుకు మించి ఏనాడూ దిగలేదు. అలాంటి మనిషి సెలూన్‌లోకి ఉప్పునీటి చేపల గాజుతొట్టె వచ్చిపడింది. ఊరొదిలి పోతున్న వాడెవడో "నువ్వే చూసుకో అక్కా" అని అంటగట్టి పోయాడు. ఇక చూడండి ఆవిడ వైభోగం!

మధ్యాహ్నం ఆ వీధంతా కునుకు తీస్తుంది. లువాన్ షట్టరు సగం దించి, దీపాలార్పి, గిరాకీలు కూర్చునే కుర్చీనే వెనక్కి వాల్చుకుని పడుకునేది. బయట వాన. లోపల తొట్టె నీలివెలుగు, మోటారు గుడగుడ. అరమోడ్పు కళ్ల ముందు తొట్టెలో పెరిగే ప్రాణమున్న పగడం పచ్చటి వేళ్లు అటూ ఇటూ ఊగుతుంటే, తానే సముద్రం అడుగున చెప్పులు విడిచి నడుస్తున్నట్టుండేది. చిటికెన వేలంత ముక్కను తెచ్చి అన్నం గిన్నెంత చేసుకుంది మరి. ఆ పగడమంటే ఆవిడకు ప్రాణం.

దాన్నే నాచు పట్టింది. బూజులా, జుట్టులా, గీకినకొద్దీ మొలిచే పాడు నాచు! పగడం వేళ్లు ముడుచుకున్నాయి. చేపల కొట్టు చువో వచ్చి, చిన్న సీసాలో తొట్టె నీళ్లు పోసి, పరీక్షకని మందు చుక్కలు కలిపాడు. నీళ్లు ముదురు నీలంగా మారాయి.

"ఏంటక్కా ఇది, సిరాబుడ్డి కడిగావా? ఫాస్ఫేట్ మండిపోతోంది! నాచుకు అదే తిండి."

"నోర్ముయ్. కుళాయి నీళ్లు చుక్క కూడా పొయ్యలేదు."

"అయితే మేత ఎక్కువైంది. మిగిలింది కుళ్లితే నాచుకు విందే."

"రోజుకో చిటికెడే వేస్తున్నా. నీ మీదొట్టు!"

"నా మీదెందుకు, నీ మీద వేసుకో" అంటూ అతను ఫాస్ఫేట్‌ను పీల్చే తుప్పురంగు గుళికల సంచీ ఇచ్చాడు. "కొంచెం కొంచెంగా వాడు. ఒక్కసారే పీల్చేస్తే పగడం తట్టుకోలేదు."

కొంచెంగానే వాడింది. నీళ్లు మార్చింది. పాత పళ్లబ్రష్షుతో రాళ్లు తోమింది. అయినా నాచు పోలేదు. పగడం పోతే తొట్టె ఎత్తించేస్తానని చువోతో అనేసి, అద్దం వైపు తిరిగి ఏడ్చింది పాపం.

ఆ మధ్యాహ్నం ఆవిడ కుర్చీలో వాలి ఉండగా షట్టరు కిందనుంచి వంగి ఎవరో లోపలికొచ్చారు. పక్కసందు కే బాబాయ్. ఒకప్పుడు పడవ నడిపినవాడు. పోయిన చలికాలం భార్య కాలం చేసింది. అప్పట్నుంచీ గడ్డం పెరిగినా పెరగకపోయినా గీయించుకోవడానికి వస్తుంటాడు. లువాన్ నిద్రలో ఉందనుకుని తొట్టె దగ్గరికి వెళ్లాడు.

"ఏర్రా, తిన్నారా?" అని చేపల్ని పలకరించాడు. జేబులోంచి పొట్లం తీసి గుప్పెడు ఎండురొయ్యల పొడి నీళ్లలో జల్లాడు. "సిగ్గుపడకండి, తినండి. నేనా? తర్వాత తింటాలే."

లువాన్‌కు ఒళ్లు మండిపోయింది.

"బాబాయ్! ఇదా నువ్వు చేస్తున్న ఘనకార్యం?"

పొట్లం జారి నేల మీద పడింది. "ఆకలిగా చూస్తున్నాయే అమ్మాయ్..."

"చేపలెప్పుడూ అలాగే చూస్తాయి! నీ పొడి కుళ్లి నా పగడాన్ని చంపుతోంది."

ముసలాయన ముడుచుకున్న పగడం వైపు చూశాడు. "నేనేనా?" అన్నాడు మెల్లగా. "ఇంట్లో ఎవరూ లేరుగా. ఎవర్నో ఒకర్ని అడగాలనిపిస్తుంది."

వలతో పొడి తోడుతున్న లువాన్ చెయ్యి ఆగింది. కోపం ఎక్కడికి పోయిందో!

"నువ్వు తిన్నావా బాబాయ్?"

ఆ ఊళ్లో ఇది ఊరికే పలకరింపు, ఎవరైనా తిన్నాననే అంటారు. ఆయనా నోరు తెరిచాడు. కానీ చిన్నపిల్లాడిలా తల అడ్డంగా ఊపాడు.

లువాన్ తన కోసం ఉంచుకున్న పందిమాంసం కూర అన్నం ఆయన చేతిలో పెట్టింది. ఆయన రెండు ముద్దలు తిన్నాడో లేదో చేపలన్నీ తొట్టె గాజు దగ్గర మూగాయి.

"వాటి వైపు చూడకు!"

ఆయన తొట్టెకు వీపు పెట్టి గిన్నె ఖాళీ చేశాడు.

అప్పట్నుంచి రాళ్లు తోమే పని ఆయనదే. మేత డబ్బాకు మాత్రం లువాన్ తాళం వేసింది. నాచు పల్చబడి పల్చబడి, ఒక వానమధ్యాహ్నం పగడం వేలు ఒకటి బయటికొచ్చింది, వెనకే ఇంకోటి. తొట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆవిడ ఒళ్లు మరిచి చూస్తోంది. వెనక కుర్చీలోంచి కే బాబాయ్ గొంతు వినిపించింది.

"అమ్మాయ్, నువ్వు తిన్నావా?"

ఈ మాట ఎన్నేళ్లుగా ఎందరినో అడిగింది లువాన్. తనను ఇలా, జవాబు కోసం ఆగి అడిగిన వాళ్లు లేరు. పగడం మీది చూపు తిప్పకుండా, కళ్లు తుడుచుకుంటూ, "లేదు బాబాయ్" అంది.