నాన్న భూస్థాపన

మా నాన్న కొత్తవలసలో రైల్వే పని చేసే రోజుల్లో జబ్బుపడి మిషను ఆసుపత్రిలో చేరాడు. అక్కడే క్రీస్తును నమ్ముకుని బాప్తిస్మం తీసుకున్నాడు. రిటైరయ్యాక కోటబొమ్మాళి దగ్గరున్న మా సొంతూరికి వచ్చేశాం. ఊళ్లో క్రైస్తవులం మేమొక్కళ్లమే. ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు. మేమూ మా నమ్మకాన్ని వీధిలోకి తేలేదు.

అరవైల చివర్లో, వరికోతల రోజుల్లో నాన్న పోయాడు. నేనప్పటికి పక్క ఊరి బడిలో టీచర్ని. తెల్లారేసరికి పెదనాన్న పాడె కట్టడానికి వెదుళ్లు తెచ్చాడు. వెనకే స్నానం చేసి, తడిబట్టలతో ఆయన కొడుకు. వాకిట్లో ఊరివాళ్లు చేరారు.

"మీ అయ్యకి కొడుకుల్లేరు. నా కొడుకు తలకొరివెడతాడు. నువ్వు బెంగెట్టుకోకు," అన్నాడు ఏడుస్తూనే.

తమ్ముడికి తాను ఇవ్వగలిగినదాంట్లో అంతకన్నా పెద్దది ఆయన దగ్గర లేదు. వద్దనడం అందుకే కష్టమైంది. శ్రీకాకుళం నుంచి రావలసిన పాస్టరుగారు ఇంకా రాలేదు. అమ్మ నా వైపు చూసింది.

"పెదనాన్నా, నాన్నని కాల్చొద్దు. ప్రార్థన చేసి సమాధి చెయ్యాలి."

"ఏటే? బతికున్నన్నాళ్లూ ఆడిష్టం. నాను అడ్డం రాలేదు. పోయాక ఆడు మా ఇంటోడు కాదేటి?"

అరుగు స్తంభం పట్టుకున్నాను.

"మీ ఇంటివాడే. కానీ ఆయన యేసుని నమ్మాడు. చనిపోయినవాళ్లని దేవుడు మళ్లీ లేపుతాడని నమ్మాడు. నేనూ నమ్ముతున్నాను. ఇన్నాళ్లూ ఇంట్లోనే చెప్పుకున్న మాట, ఇవాళ మీ అందరి ముందూ చెప్తున్నాను."

"ఆడపిల్లకేటి తెలుస్తాది, ఎత్తండ్రా," అన్నారెవరో. ఇద్దరు వంగారు. నేను నాన్న తల దగ్గర కూర్చుండిపోయాను. అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది.

పెదనాన్న చెయ్యెత్తి వాళ్లను ఆపాడు. "మీ అయ్య ఇలాగే సెయ్యమన్నాడేటి?"

"అవును. మీకు కోపం వస్తుందని కూడా చెప్పాడు."

"వస్తాది మరి," అని కండువాతో మొహం తుడుచుకున్నాడు. వంగినవాళ్ల వైపు తిరిగి, "మన మెరక సేలో గొయ్యి తియ్యండి," అన్నాడు.

పాస్టరుగారు రానేలేదు. ప్రార్థన నేనే చేశాను. మధ్యలో ఆగి మళ్లీ అందుకున్నాను. దూరంగా గట్టు మీద నిలబడ్డ పెదనాన్న చివర్లో వచ్చి గుప్పెడు మట్టి వేశాడు.

"నిజంగా లేస్తాడంతావేటి?"

"లేస్తాడు పెదనాన్నా."



తర్వాత కొన్ని ఇళ్లవాళ్లు మమ్మల్ని పిలవడం మానేశారు. పదో రోజున పెదనాన్న తన పద్ధతిలో తమ్ముడికి కర్మ చేసుకున్నాడు. నన్నూ రమ్మన్నాడు. వెళ్లాను. వస్తాను గానీ పిండానికి దణ్ణం పెట్టనని ముందే చెప్పాను.

"నీ మాట నీకుంది. నా పక్కన కూకో, సాలు," అన్నాడు.

కూర్చున్నాను.