ఉత్త 'క' ఎవరికి?

బందరులో డీటీపీ సెంటర్ పెట్టిన కొత్తలో నేను పోస్టులో ఒక డిజైన్ కోర్సు చదివేదాన్ని. నెలకో పుస్తకం వచ్చేది. నున్నటి గుండ్లూ నల్లటి కళ్లజోళ్లూ ఉన్న దొరలు అక్షరాన్ని ఎలా ఉద్ధరించారో అందులో వర్ణించేవారు. వాళ్లలో ఒక్కరైనా 'క్ష్మి' రాసిన పాపాన పోలేదు.

దివిసీమ కంటికి అక్షరాన్ని అలవాటు చేసిన మనిషి చల్లపల్లిలో ఉండేవాడు. మిల్లు గోడలు, ఐసు ఫ్యాక్టరీలు, పడవలు, చర్చి బోర్డులు అన్నిటి మీదా రాతలు ఆయన చేతివే. పొట్ట ముందుకు తోసుకుని, వెనక ఎర్రటి నీడ ఈడ్చుకుంటూ నడిచే ఆ లావు అక్షరాలే అసలైన తెలుగనీ, పాఠ్యపుస్తకాల్లోవి జ్వరమొచ్చి చిక్కినవనీ చిన్నప్పుడు నమ్మేదాన్ని. మా నాన్న స్నేహితుడు కాబట్టి నాకు మావయ్య.

ఆ అక్షరాలతో కంప్యూటర్ ఫాంటు చేయాలని నాకు బుద్ధి పుట్టింది. డ్రాయింగు కాగితాలు పట్టుకుని చల్లపల్లి వెళ్లాను.

"మావయ్యా, అక్షరాలన్నీ వరసగా రాసివ్వండి. ముందు 'క' రాయండి."

"ఎవరి షాపుకి?"

"షాపు లేదండీ. ఉత్త 'క'."

"ఉత్త 'క' ఏంటమ్మాయ్? కిరాణా 'క' వేరు, కంటాసుపత్రి 'క' వేరు. కిరాణావాడిది బస్తాలా కూచోవాలి. డాక్టరుగారిది అప్పుడే చేతులు కడుక్కున్నట్టుండాలి."

నాకు ఒళ్లు మండింది. కానీ వేరే దారి లేక షాపులు కల్పించడం మొదలుపెట్టాను. ప్రతి ఓనరూ లావా, సన్నమా, కోపిష్టా అని మావయ్య అడిగేవాడు. 'ఢ' కోసం ముదినేపల్లిలో ఢంకాలమ్మే ముసలాయన్ని పుట్టించాను. మావయ్య ఇంకా సందేహిస్తుంటే ఆయనకి ఉబ్బసం కూడా పెట్టాను. అప్పుడు గానీ బ్రష్షు కదల్లేదు.

'ఞ' దగ్గర మాత్రం ఆగిపోయాడు.

"దీంతో బతికే షాపు ఒక్కటైనా ఉందా?"

"లేదండీ."

"మరి దాన్నెందుకు మేపడం?"

వదిలేశాం. దాని వత్తునీ వదిలేశాం.

ఫాంటు తయారయ్యాక మొదటి పని గూడూరు పాస్టరుగారిది. కృతజ్ఞత కూడికకు రెండొందల పోస్టర్లు. నా ఫాంటు అందం చూసి మురిసిపోవడమే తప్ప నేను అక్షరాలు చదవలేదు. 'జ' కింద రావాల్సిన, మేం వదిలేసిన ఆ 'ఞ' వత్తు దగ్గర కంప్యూటర్ చప్పుడు చేయకుండా ఖాళీ వదిలేసింది. ప్రెస్సు నుంచి వచ్చిన పోస్టర్ల మీద ఇంతింత లావున 'కృతజత కూడిక' అని ఉంది.

పాస్టరుగారు కళ్లజోడు సర్దుకుని చదివారు. "మనం దేవుడికి వందనాలు చెప్తున్నామా అమ్మా, ఎవరికైనా జత కుదురుస్తున్నామా?"

నాకు తల కొట్టేసినట్టయింది. మావయ్య పక్కింటికి ఫోన్ చేశాను. మధ్యాహ్నం బస్సుకి బ్రష్షు, నల్లరంగు డబ్బా పట్టుకుని దిగాడు. తిట్టలేదు, నవ్వలేదు. చర్చిలో చాపల మీద పోస్టర్లు పరిపించి, ప్రతి 'జ' కిందా వత్తు పెట్టుకుంటూ పోయాడు. మొదట్లోవి వినయంగా ఉన్నాయి. టీ తాగాక బలిశాయి. చివరికి తోకలు లేపాయి.

"ఒక్కోటీ ఒక్కోలా ఉందేంటండీ?" అన్నారు పాస్టరుగారు.

"రెండొందల గోడలకి కదండీ," అన్నాడు మావయ్య.

నాలుగొందల పేజీల కోర్సులో నాకు దొరకనిది ఆ చాప మీద దొరికింది. ఆ ఏడే కోర్సు మానేశాను.

తర్వాత ఊళ్లోకి ఫ్లెక్సు మిషన్లు దిగాయి. గోడల పని పోయి మావయ్య పడవలకి మాత్రమే రాస్తుండేవాడు. నా ఫాంటేమో ఫ్లాపీల్లో చేతులు మారి ఎక్కడెక్కడికో పాకింది.

కొన్నేళ్లకి ఆయన్ని కంటి ఆపరేషనుకి గుడివాడ తీసుకెళ్లాను. కట్టు విప్పాక రిక్షాలో వస్తుంటే ఒక చేపల మందుల షాపు ముందు ఆపమన్నాడు. ఫ్లెక్సు బోర్డు వంక చాలాసేపు చూశాడు.

"ఎవడోగానీ చెయ్యి బాగుందమ్మాయ్. కాస్త తొందరెక్కువ."

"అది మీరు రాసిందే మావయ్యా."

"ఊరుకో. ఈ ఊళ్లో నేనెప్పుడు బ్రష్షు పట్టాను?" అని విసుక్కుని, రిక్షా పోనిమ్మన్నాడు.